ఆగయ్య ఇచ్చిన చెట్టు

కుడికాలి బొటనవేలిని కొమ్మల పంగలో ఇరికించి, ఎడమ మోకాలిని బోదెకు ఆనించి ఆగయ్య చింతచిగురు దూస్తున్నాడు. పొద్దు పొడిచి ఎంతోసేపు కాలేదు. ఎడమచేత్తో రెమ్మను మెల్లగా తన వైపు వంచుకుంటాడు, కుడిచేతి రెండు వేళ్ళ మధ్య దాన్ని పట్టి లాగుతాడు, లేత ఆకంతా పిడికిట్లోకి వచ్చేస్తుంది. రెమ్మ కొసన ఉన్న ఎర్రటి మొనను మాత్రం ముట్టుకోడు. అది ఉంటేనే అక్కడ మళ్ళీ చిగురు వేస్తుంది. పిడికిలి నిండగానే నడుముకు కట్టుకున్న పాత చీర ఒడిలో వేసి, ఆ చేత్తోనే మెడ మీద పాకుతున్న చీమను దులిపేసి, మళ్ళీ కొమ్మ అందుకుంటాడు.

కింద నిలబడి చూసేవాళ్ళకు అతను అరవై దాటిన మనిషంటే నమ్మబుద్ధి కాదు. సన్నటి ఒళ్ళు, ఆ ఒంటికి తగినదానికన్నా పొడుగు చేతులు. మోకాళ్ళ మీద, మోచేతుల లోపలి వైపు చర్మం బెరడుకు రాసుకొని రాసుకొని నల్లగా మొద్దుబారింది. పులుపు తిని తిని గోళ్ళ అంచులు అరిగిపోయాయి. నేల మీదికి దిగాడంటే మాత్రం అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో ఆ వయసంతా వచ్చి మీద కూర్చుంటుంది, నడుము వంగుతుంది, నడక తడబడుతుంది. నీకు పెళ్ళాం కన్నా చెట్టే నయమని రూతమ్మ దెప్పుతూ ఉంటుంది. 

ఆ చెట్టు రుద్రంగి దాటాక కోరుట్ల పోయే రోడ్డు పక్కన ఉంది. సర్కారు చెట్టు. కాయను ఏటా ఎవరో ఒకరు వేలంలో పాడుకుంటారు. చిగురు మాట మాత్రం ఏ వేలంలోనూ రాదు. నిజాం కాలంలో సడక్ కూలిగా చేసిన ఆగయ్య తండ్రి అది మొక్కగా ఉన్నప్పుడు వాగు నుంచి కావడితో నీళ్ళు మోసి పోశాడు. అప్పటి నుంచి చిగురు ఆ ఇంటిదని ఊరు ఒప్పుకుంది. గుంట భూమి లేని ఆ ఇంటికి ఆస్తి అనదగ్గది అదొక్కటే. ఏడాదంతా కూలికి పోయే ఆగయ్య చిగురు కాలంలో మాత్రం ఎవరి పనికీ పోడు, ఎవరూ పిలవరు.

ఆ ఇంట్లో తండ్రి పెట్టిపోయిన కట్టుబాట్లు కూడా ఉన్నాయి. చెట్టు తలకాయను ముట్టరాదు. అక్కడ కూడా దూసేస్తే పూత రాదు, పూత రాకపోతే కాయ పాడుకున్నవాడి కడుపు కొట్టినట్టు. ఇంకొకటి, ఏడాదిలో తొలిసారి దూసిన చిగురు అమ్మరాదు. నీళ్ళోసుకున్న ఆడమనిషికి ఇవ్వాలి. ఊళ్ళో అలాంటి మనిషి ఎవరో రూతమ్మ ముందే కనుక్కొని పెట్టేది. ఈ ఏడు కనుక్కోవాల్సిన పని పడలేదు, నీళ్ళోసుకున్నది సొంత కోడలు ప్రవళికే. అది తలుచుకొని ఆగయ్య కొమ్మ మీదే ఒంటరిగా నవ్వుకున్నాడు.

ఆగయ్యకూ రూతమ్మకూ పిల్లలు కలగలేదు. ఆ ఇల్లు చిగురు వేయలేదని ఊరు చాలాకాలం అనుకుంది. కొందరైతే వాళ్ళకు వినబడేలాగే అనుకున్నారు. తమ్ముడు ప్రభుదాసు, అతని భార్య ఒకరి వెనక ఒకరు పోయాక వాళ్ళ పసివాడు ఆనంద్‌ని రూతమ్మ చంకనేసుకొని వచ్చింది. మోడు చిగురేసిందని పక్కింటి రాములవ్వ ఆనాడు అన్న మాట ఆగయ్య ఇప్పటికీ మరిచిపోలేదు. పిల్లవాణ్ణి ఈ చెట్టు కిందే చీర ఉయ్యాలలో పడుకోబెట్టి పైన చిగురు దూశాడు. రూతమ్మ గంప నెత్తిన పెట్టుకొని కోరుట్ల వాడలన్నీ తిరిగి అమ్మింది. అలా చదివించారు. ఆనంద్ డిగ్రీ దాకా చదివాడు. ఉద్యోగం రాలేదు, ఉద్యమం వచ్చింది. ఇప్పుడు కోరుట్లలో కిరాయి గదిలో కాపురం, పగలంతా రుద్రంగి బస్టాండు దగ్గర వేసిన దీక్షా టెంటులో మకాం. మైకు పట్టుకుంటే మంచినీళ్ళు తాగినంత సులువుగా మాట్లాడతాడు.

ఆ టెంటులో ఆగయ్య కూడా కూర్చున్నాడు. మెడలో దండ వేయించుకొని ఒక పగలంతా పస్తున్నాడు. పస్తు అతనికి కొత్త కాదు, దండే కొత్త. మన ఆశలు చిగురిస్తున్నాయని ఎవరైనా మైకులో అంటే అతనికి లోపల గిలిగింతలు పెట్టినట్టయ్యేది, పెద్ద పెద్దవాళ్ళ నోటికి తన పని మాట కావలసి వచ్చిందే అని. తెలంగాణ వస్తే ఏమొస్తుందని అతను ఎవరితోనూ వాదించలేదు. ఆనంద్ లాంటి పిల్లలకు కొలువులు వస్తాయని నమ్మాడు. ఆ నమ్మకంలో ఎక్కడా పగులు లేదు.

రెండువేల పదకొండు, తెలంగాణ కోసం సహాయ నిరాకరణ నడుస్తున్న మాఘ మాసం చివరి రోజులు అవి. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేనట్టు. ఆగయ్య ఒడి సగం నిండిందో లేదో, ఊరి వైపు నుంచి ట్రాక్టరు వచ్చి చెట్టు కింద ఆగింది. నలుగురైదుగురు పిల్లలు గొడ్డళ్ళతో దిగారు. ముందు ఆనంద్ ఉన్నాడు. తెల్ల చొక్కా, మెడలో కండువా, రాత్రి నిద్ర లేని కళ్ళు. రోడ్డు దిగ్బంధం ఉందని, రోడ్డుకు అడ్డం వేయడానికి కొమ్మలు కావాలని చెప్పాడు.

"నువ్వియ్యంది మేం ముట్టం పెద్దబాపు," అన్నాడు తల పైకెత్తి.

ఆ మాటకు ఆగయ్య గుండె నిండిపోయింది. పక్క ఊళ్ళలో అడగకుండానే చెట్లు కొట్టేస్తున్నారని విన్నాడు. తన కొడుకు అడిగి కొడుతున్నాడు.

"తీస్కోర్రి. కొమ్మ పోతే మళ్ల చిగురేస్తది. తలకాయ మాత్రం ముట్టద్దు," అన్నాడు.

ఏ కొమ్మలని అడిగితే, రోడ్డు మీదికి వంగిన పెద్దవి రెండూ ఇస్తే చాలన్నాడు ఆనంద్. పరాయి చేతి దెబ్బకు బెరడు చీలిపోతుందని ఆగయ్య గొడ్డలి తనే పైకి అందుకున్నాడు. ముందు కొమ్మ అడుగున గాటు పెట్టి, తరువాత పైనుంచి కొట్టాడు. అలా కొడితే కొమ్మ విరిగేటప్పుడు బోదె చర్మాన్ని లాక్కుపోదు, గాయం తొందరగా మానుతుంది. కొమ్మలు రెండూ పెద్ద చప్పుడుతో రోడ్డు మీద పడ్డాయి. పిల్లలు జై కొట్టారు. చెట్టు మీద నుంచి ఆగయ్య కూడా కొట్టాడు, అతని గొంతు చివర్లో కీచుమంది, అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ట్రాక్టరులో చుట్టలు చుట్టలుగా పడి ఉన్న లావుపాటి మోకును చూసి, పిల్లలు అన్నీ ముందే ఆలోచించి తెచ్చుకున్నారని మెచ్చుకున్నాడు.

ఆగయ్య దిగాక ఆనంద్ అతని చేతిలోని ఒడి చూశాడు. ప్రవళిక ఈ చిగురు కోసమే ఎదురుచూస్తోందని, పాలబండ్లను ఎవరూ ఆపరు కనుక దాంట్లో కోరుట్ల పోయి ఇచ్చి, అక్కడే తిని, ఎండ తగ్గాక రమ్మని చెప్పాడు. తనే పాలబండిని ఆపాడు. తనే చేయి పట్టి ఎక్కించాడు. బండి కదులుతుంటే ఆగయ్య వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డు వైపు కొమ్మలు పోయి చెట్టు చేను వైపు కాస్త ఒరిగినట్టుంది. వానాకాలానికల్లా సరి చేసుకుంటుందిలే అనుకున్నాడు.

కోరుట్లలో ప్రవళిక గది గడపలో కూర్చొని బీడీలు చుడుతోంది. పొట్ట ముందుకు రావడంతో చేట ఒళ్ళో ఆనడం లేదు, పక్కన ముక్కాలిపీట మీద పెట్టుకుంది. మామను చూసి చేట పక్కకు జరిపి లేవబోతే అతను వద్దన్నాడు. ఒడి విప్పాడు. గదంతా పుల్లటి వాసన. ఆమె ఒక పిడికెడు తీసుకొని, అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఊది, ఉప్పు కూడా అడగకుండా నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకొని నమిలింది. ఆ ముఖం చూస్తూ ఆగయ్య, ఇన్నేళ్ళుగా ఊరి ఆడవాళ్ళందరికీ పంచిన తొలి చిగురు ఇవాళ్టికి తన ఇంటికి చేరిందని అనుకున్నాడు. అంతకన్నా సంతోషం అతను ఎరగడు.

ఆమె పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. కాసేపు మంచీ చెడ్డా అయ్యాక, మెల్లగా అడిగింది.

"నీకు చెట్టంటే పానం గదా మామా. ఎట్ల ఒప్పుకున్నవు?"

"కొమ్మలే గదా బిడ్డా."

"కొమ్మలేంది? మొదలుకంట కోసుడే గదా. ఇటుక బట్టీ సేటు నిన్న ఈడికే అచ్చి బేరం మాట్లాడిపోయిండు. కోత మిషన్ గూడ ఆయ్ననే పంపుతడట. పెద్దబాపే సరేనన్నడని నీ కొడుకు చెప్పిండు."

ఆమె మాటలో కల్మషం లేదు. మామ మీద జాలితోనే అడిగింది. ఆగయ్య చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. ఆ లావుపాటి మోకు కళ్ళ ముందుకు వచ్చింది. కొమ్మలకు మోకు ఎందుకు? రోడ్డు వైపు కొమ్మలే ఎందుకు అడిగాడు? అవి పోతే బరువంతా చేను వైపు తిరుగుతుంది, చెట్టు చేనులోకి పడుతుంది, లారీ చేనులోకి వస్తుంది. చెట్టెక్కే ఇంట్లో పెరిగినవాడికి ఎవరూ చెప్పనక్కర లేని లెక్క అది. ఆ లెక్క నేర్పింది తనే. గొడ్డలి అందుకున్నదీ తనే.

"మామా?"

"అవు బిడ్డా, చెప్పిండు. యాదిమరిచిన," అన్నాడు ఆగయ్య.

పప్పు ఉడికింది. ఆమె కంచం పెట్టింది. తినకపోతే ఆమెకు అనుమానం వస్తుంది, కడుపుతో ఉన్న పిల్ల కుమిలిపోతుంది. ముద్ద ముద్దకూ నీళ్ళు తాగి దింపుకున్నాడు. బాగుందన్నాడు. నిజంగానే బాగుంది, అదే అతన్ని మరీ ఏడిపించింది. ఆ ఏడుపును కారం మీదికి నెట్టి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

ఎండ తగ్గేదాకా ఆగలేదు. బండ్లు లేవు. కొంతదూరం నడిచాడు, మందుల సంచితో పోతున్న ఎవరో మోటారుసైకిలు మీద కొంతదూరం తెచ్చారు, మళ్ళీ నడిచాడు. దారిపొడవునా ఒకటే అనుకున్నాడు. ప్రవళిక తప్పుగా విని ఉంటుంది. సేటు వేరే చెట్టు గురించి మాట్లాడి ఉంటాడు. ఆనంద్ అలా చేయడు. తన వేలు పట్టుకొని నడిచిన పిల్లవాడు, జ్వరమొస్తే తన ఛాతీ మీద పడుకున్న పిల్లవాడు చేయడు. ఊరి పొలిమేర దగ్గర వంపు తిరిగితే చెట్టు తలకాయ కనిపించాలి. వంపు తిరిగాడు. అక్కడ ఆకాశం ఉంది.

రోడ్డు మీద తను కొట్టిన రెండు కొమ్మలు మాత్రం అలాగే అడ్డంగా పడి ఉన్నాయి. చేనులో లారీ చక్రాల జాడలు, మొద్దు చుట్టూ ఎర్రటి రంపపు పొట్టు. తండ్రి కూడా ఎన్నడూ ముట్టని తలకాయ చిగురు నేల మీద కుప్పగా పడి ఉంటే ఎవరివో మేకలు తింటున్నాయి. ఆగయ్య వాటిని అదిలించలేదు. తన కొడుకే తనను మోసం చేశాడు. అడిగి మరీ మోసం చేశాడు. అడగకుండా కొట్టేసుకుంటే ఇంత బాధ ఉండేది కాదు.

కాళ్ళు అతన్ని టెంటు వైపు తీసుకుపోయాయి. అడగాలి. నలుగురిలో నిలబెట్టి అడగాలి. ఆ కోపంతోనే అంతదూరం నడవగలిగాడు.

టెంటు నిండుగా ఉంది. అతను కనబడగానే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. ఆనంద్ చేతిలో మైకు ఉంది. పెద్దనాన్నను చూసి అతని ముఖంలో రంగు ఒక్కసారి మారింది కానీ మాట ఆగలేదు. తాత నీళ్ళు పోసిన చెట్టును మా పెద్దబాపు ఉద్యమానికి ఇచ్చేశాడని, ఈ మోడు మళ్ళీ చిగురించినట్టు రేపు తెలంగాణ బతుకులు చిగురిస్తాయని చెప్పాడు. మళ్ళీ చప్పట్లు. దీక్షలో పెద్దమనిషిగా కూర్చున్న పోచయ్య లేచాడు. సిరిసిల్లలో మగ్గం మీద బతుకంతా గడిపి, చూపు మందగించాక ఊరికి తిరిగి వచ్చిన మనిషి అతను. తడుముకుంటూ వచ్చి ఆగయ్య భుజాల మీద శాలువా కప్పాడు. సిరిసిల్ల బట్టేనని గర్వంగా చెవిలో చెప్పాడు.

మైకు ఆగయ్య చేతికి ఇచ్చారు. ఎదురుగా అందరూ కనిపిస్తున్నారు. పోచయ్య. పొద్దున్నే వచ్చి పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చునే రాములవ్వ. పరీక్షలు మానుకొని వచ్చిన పిల్లలు. ఆడవాళ్ళ వరుసలో చివర రూతమ్మ. వీళ్ళలో ఒక్కరికీ ఈ మోసంతో సంబంధం లేదు. ఇప్పుడు తను నోరు విప్పితే ఉద్యమం పేరు చెప్పి చెట్లు అమ్ముకుంటున్నారని రేపు జగిత్యాల దాకా పాకుతుంది. గిట్టనివాళ్ళు నవ్వుతారు. పోచయ్య కప్పిన శాలువా కూడా దొంగసొత్తు అవుతుంది. ఒక్కడు చేసిన పాపానికి ఇంతమంది తల దించుకోవాలి. ఆ ఒక్కడు రూతమ్మకు కొడుకు, రేపు పుట్టబోయే బిడ్డకు తండ్రి.

అబద్ధం మాత్రం నోటికి రాలేదు.

"చెట్టు నాది గాదు," అన్నాడు. మైకు ఇచ్చేశాడు.

టెంటు దద్దరిల్లింది. ఎంత పెద్ద మాట అన్నాడని పోచయ్య కళ్ళు తుడుచుకున్నాడు. అందరికన్నా ఎక్కువగా చప్పట్లు కొట్టాల్సిన ఆనంద్ తల వంచుకొని మైకు తీగ చుడుతూ ఉండిపోయాడు. జనం పలచబడ్డాక దగ్గరికి వచ్చి, పెద్దబాపు అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఆగయ్య అతని ముఖం చూడలేదు.

"ప్రవళిక మంచిగున్నది. పప్పు వండింది," అని చెప్పి కదిలాడు.

రూతమ్మ టెంటు వెనక దారిలో నిలబడి ఉంది. అందరి ముందూ చప్పట్లు కొట్టిన మనిషికి ఇప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం కోత మిషను చప్పుడు ఇంటిదాకా వినబడిందని, ఉరికి పోతే నువ్వే ఇచ్చావని పిల్లలు చెప్పారని అంది. ఆ చిగురు గంపను ఇన్నేళ్ళు మోసిన నెత్తి ఆమెది.

"నన్నొక్క మాట అడగకపోతివి. నేనేమన్న అడ్డం పడుదునా?"

ఒక్క మాట చెబితే ఆ నింద తన మీది నుంచి దిగిపోతుంది. దిగి ఎవరి మీదికి పోతుందో ఆగయ్యకు తెలుసు. చంకనేసుకొని తెచ్చిన రోజు నుంచి ఆ పిల్లవాడే ఆమె లోకం. అతను శాలువా తీసి ఆమె భుజం మీద వేశాడు. తప్పైందన్నాడు. కాసేపు చెట్టు దగ్గరికి పోయి వస్తాను, వంట చేసి పెట్టమన్నాడు. చెట్టు ఎక్కడుందని ఆమె అడగబోయి, అతని ముఖం చూసి ఇంటిదారి పట్టింది.

వంట అయింది. మనిషి రాలేదు. ఇంకా వెలుతురు పూర్తిగా పోకముందే రూతమ్మ శాలువా తలకు చుట్టుకొని రోడ్డు పట్టింది. దిగ్బంధం ఎత్తేసినట్టున్నారు, కొమ్మలు పక్కకు లాగేసి ఉన్నాయి. ఆగయ్య మొద్దుకు చేను వైపున వీపు ఆనించి కూర్చున్నాడు. పొడుగు చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. అన్నం చల్లారిపోతోందని ఆమె దూరం నుంచే కసిరింది. తను నిలదీసినందుకు అలిగి మాట్లాడటం లేదనుకొని, దగ్గరికి వచ్చి, ఆ మాట తప్పుగా అన్నానని, కొడుకు కోసమే ఇచ్చావని తనకూ తెలుసునని చెప్పింది. అప్పుడు భుజం పట్టి కుదిపింది. చల్లబడిన తల ఆమె చేతి మీదికి ఒరిగింది.

ఆమె కేక విని చేలల్లో ఉన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అతన్ని పొద్దున గొడ్డళ్ళు తెచ్చిన ట్రాక్టరులోనే ఎక్కించి ఊళ్ళోకి తీసుకుపోయారు. ఆనంద్ తల దగ్గర కూర్చొని పట్టుకున్నాడు. మొద్దు దగ్గర ఎవరూ మిగలలేదు. దాని మొదట్లో, చెట్టెక్కేవాళ్ళు విడిచిపోయే చోటనే, కాలివేళ్ళ వైపు చెట్టుకు తిప్పి పక్కపక్కన విడిచిన అతని హవాయి చెప్పులు ఉన్నాయి.